మా అవ్వ బస్సు టికెట్టు వెనక ఒక యుద్ధం

మాది గుడిబండ. మా మడకశిర నియోజకవర్గానికి మూడు వైపులా కర్ణాటకే. మా అవ్వ పుట్టినూరు శిరా పక్కన, మెట్టినూరు గుడిబండ. ఇంట్లో కన్నడ మాట్లాడుతుంది, అంగట్లో తెలుగు.

మొన్న పుట్టింటి వైపు పెళ్లికి బయల్దేరింది. ఆంధ్రాలో ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు రాష్ట్రం లోపలే. కర్ణాటక ఫ్రీ బస్సు ఎక్కాలంటే అక్కడి అడ్రస్ ఉన్న కార్డు కావాలి. "ఈ గీత ఎవురు గీసినార్రా?" అని అడిగింది. "1956లో రాష్ట్రాలు చేసినప్పుడు గీశారవ్వా" అని చెప్పేశాను. తర్వాత చదివితే నా ఆన్సర్ తప్పని తెలిసింది.

కథ మొదలయ్యేది ఫ్రాన్స్‌లో. 1789లో అక్కడ విప్లవం వచ్చింది. 1793 నుంచి బ్రిటన్‌తో యుద్ధం. బ్రిటిష్ వాళ్ళ చేతిలో అప్పటికే సగం రాజ్యం పోగొట్టుకున్న టిప్పు సుల్తాన్, ఫ్రెంచి సాయం కోసం మారిషస్‌కి దూతల్ని పంపాడు. రహస్యంగా ఉండాల్సిన సంగతిని 1798 జనవరిలో అక్కడి గవర్నర్ మలార్టిక్ బహిరంగంగా ప్రకటించేశాడు. అదే ఏడాది నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీకి ఆ సాకు చాలు. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది, టిప్పు చనిపోయాడు.

తర్వాత పంపకాలు. మైసూరును పసివాడైన మూడో కృష్ణరాజ ఒడయారుకి ఇచ్చారు. టిప్పుతో చేసిన యుద్ధాల్లో నిజాంకి దక్కిన భూముల్ని, ఆయన 1800లో సైన్యం ఖర్చు కింద కంపెనీకి వదిలేశాడు. అవే దత్తమండలాలు, ఇప్పటి రాయలసీమలో ఎక్కువ భాగం. అట్లా శిరా, పావగడ మైసూరు వైపు, మడకశిర, హిందూపురం మద్రాసు వైపు పడ్డాయి. 1953లో బళ్ళారి మైసూరుకు వెళ్ళింది కానీ, మా దగ్గర దాదాపు పాత గీతే మిగిలింది.

గీతతో పాటు నీళ్ళ గొడవా వచ్చింది. పెన్న నంది కొండల్లో పుట్టి హిందూపురం దగ్గర మన వైపుకి వస్తుంది. 1892లో మద్రాసు, మైసూరు ఒప్పందం చేసుకున్నాయి: పెన్న, చిత్రావతి లాంటి నదుల మీద మద్రాసును అడగకుండా మైసూరు కొత్త కట్టడాలు కట్టకూడదు. ఇది సమానుల మధ్య ఒప్పందం కాదని కర్ణాటక వాదించింది. 2018 కావేరి తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు.

ఇదే కథ నైలు నది మీద పెద్ద సైజులో నడుస్తోంది. 1882లో ఈజిప్టులో ఉరాబీ తిరుగుబాటును అణిచి బ్రిటన్ అక్కడ తిష్ట వేసింది. 1929లో, తన పాలనలో ఉన్న ఎగువ దేశాల్లో ఈజిప్టు ఒప్పుకోకుండా నైలు మీద కట్టడాలు కట్టనని మాటిచ్చింది. 1959లో ఈజిప్టు, సూడాన్ నీళ్ళు పంచుకున్నాయి. ఎక్కువ నీళ్ళు వచ్చేది ఇథియోపియా నుంచి, దాన్ని మాత్రం ఎవరూ పిలవలేదు. ఆ ఒప్పందాలు మాకు వర్తించవు అంటూ ఇథియోపియా పెద్ద డ్యామ్ కట్టి 2025లో ప్రారంభించింది. గొడవ ఇంకా తెగలేదు.

మన భాషలో చెప్పాలంటే ఇది లెగసీ కోడ్. రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, కోడ్ మాత్రం ఇంకా రన్ అవుతూనే ఉంది.

మరి డిలీట్ చేసేద్దామా? 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ గురించి భద్రతా మండలిలో కెన్యా రాయబారి మార్టిన్ కిమానీ మాట్లాడాడు. మా సరిహద్దులు మేం గీసినవి కావు, అయినా వాటిని మార్చడానికి దిగి ఉంటే ఇప్పటికీ రక్తం పారేది అన్నది ఆయన మాటల సారాంశం. ఆఫ్రికా దేశాలు 1964లోనే ఉన్న గీతల్ని ఒప్పుకున్నాయి. గీత చెరపడం కంటే దాన్ని దాటడం సులువు చేసుకోవడం మేలు అన్నమాట.

మా వైపు అది కొంత జరిగింది. మడకశిర ప్రాంతంలో కన్నడ మీడియం గవర్నమెంట్ స్కూళ్ళు ఉన్నాయి. బస్సు టికెట్టే ఇంకా దాటలేదు.

ఇదంతా అవ్వకి చెప్పాను. శ్రద్ధగా వినింది. "రాజులు కొట్లాడుకుంటే టికెట్టు డబ్బులు నేను కట్టాల్నా?" అంది.

ఈ ప్రశ్నకి మాత్రం ఆన్సర్ నా దగ్గర లేదు. మీ ఊరి పక్కన బార్డర్ ఉంటే, దాన్ని ఏ యుద్ధం గీసిందో మీరూ ఒకసారి వెతికి చూడండి.