పెట్టె వాళ్లది, ఓపిక మనది

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు ఓ పది రోజులు పుస్తకాల సంచీ పక్కనపెట్టి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. బడి ఏర్పాటు చేసేదాకా ఆగక్కర్లేదు. వేరుశనగ విత్తే గొర్రు, గుంటక, మడక చేసిన ఆచారులు అనంతపురం పల్లెల్లో ఇంకా కనిపిస్తారు. ‘‘మా పిల్లకు చిన్న పెట్టె చేయడం చూపిస్తారా, ఆచారీ?’’ అని అడగండి. అమ్మాయి అయితే ‘నీకెందుకే ఈ పని’ అనకండి. ‘చదువు రాకపోతే ఇదే గతి’ అని మాత్రం ఆయన ఎదుట, పిల్లల ఎదుట ఎప్పుడూ అనకండి.

మన చుట్టూ దొరికే చెక్కంతా కొత్త చేతికి లొంగదు. తుమ్మ మహా గట్టిది; బండికీ సేద్యపు పనిముట్లకూ వాడింది అందుకే. వేపకు పురుగు తొందరగా పట్టదు గానీ, దాని నార మెలికలు తిరిగి ఉంటుంది. చిత్రిక పడుతుంటే పెచ్చులు లేస్తాయి. మొదటి పెట్టెకు ప్యాకింగ్ పెట్టెల పైన్ పలకలు చాలు. వాటి మేకులు మీరే పీకి ఇవ్వండి.

ఇక ఆరుదల. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే ఈ మెట్ట గాలికి పచ్చి పలకలో తేమ గబగబా పోతుంది. అదీ ముందుగా కొసల నుంచి పోతుంది కాబట్టి, ఎండలో పెడితే పలక అక్కడే చీలుతుంది. కొసలకు మైనమో పాత పెయింటో పూసి, పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి నీడన పేర్చాలి. చెక్క పొడవున దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందుకే అడుగు పలకను చుట్టూ జిగురుతో బిగిస్తే వేసవిలో పగలొచ్చు. మొదటిసారికి అడుగున ప్లైవుడ్ వేస్తే ఆ చిక్కు ఉండదు. ఎప్పుడైనా పెట్టె పగిలితే పిల్లలను తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

రంపం, మూలమట్టం, సుత్తి, చిన్న చిత్రిక, ఒక ఉలి, పలకను బల్లకు బిగించే క్లాంపు ఉంటే పని మొదలుపెట్టొచ్చు. మొద్దు ఉలి అయితే భయం లేదనుకుంటాం. అసలు భయం దానితోనే: బలంగా తొయ్యాలి, జారితే చేతిలో దిగుతుంది. కాబట్టి పదును పెట్టే పని పెద్దవాళ్లది. చెక్కను బిగించాకే ఉలి పట్టాలి, రెండు చేతులూ ఉలి అంచుకు వెనకే ఉండాలి. ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండండి, మిగతావాటిలో మెత్తబడండి.

ఎందుకంటే రంపం గీత దాటగానే ‘ఇటివ్వు, నేను కోస్తా’ అని మన చెయ్యి ముందుకు పోతుంది. ఆపుకోండి. ‘గీతను కొయ్యకు, గీత పక్కన కొయ్యి, గీత మిగలాలి’ అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఎదురెదురు పలకల పొడవు సమానంగా ఉందో లేదో వాళ్లనే పక్కపక్కన పెట్టి చూసుకోనివ్వండి. నాలుగూ అతికించాక, జిగురు ఆరకముందే మూల నుంచి మూలకు టేపుతో కొలవమనండి. రెండు కొలతలూ సమానమైతే పెట్టె మూలలు సరిగ్గా ఉన్నట్టు. లేకుంటే ఎక్కువ వచ్చిన రెండు మూలలనూ లోపలికి మెల్లగా నొక్కితే సరి. కర్ణాలు ఎందుకు సమానం కావాలో లెక్కల పుస్తకంలో కంటే ఇక్కడ తొందరగా తెలుస్తుంది. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనిని చదువుకు తోడుగా కాక, చదువు నేర్పే మార్గంగానే ప్రతిపాదించారు.

పక్కింటివాళ్ల పిల్లల పనితో పోల్చకండి. మీ పిల్లలు ‘అయిపోయింది’ అనకముందే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ‘చాలా బాగుంది’ అని ఊరికే పొగిడేకన్నా, ‘ఈ మూల ఇంత బిగువుగా ఎలా వచ్చింది?’ అని అడగండి. చేసిన తీరు చెబుతున్నప్పుడే వాళ్లకు తమ పని అర్థమవుతుంది.

సంక్రాంతి సెలవులు దీనికి అనువైన కాలం. ఎండ తక్కువ, తీరిక ఎక్కువ. పెట్టె పూర్తయ్యాక బీరువా మీద అలంకారంగా పెట్టకుండా పెన్సిళ్లకో విత్తనాలకో రోజూ వాడనివ్వండి. ఏ అతుకు వదులైందో, మూత ఎక్కడ పట్టేస్తోందో వాడకంలోనే తెలుస్తుంది. అది తెలిసిన పిల్లలు ఇంకోటి చేస్తామంటారు. రెండో పెట్టెకు కావలసిన పలకలు ఇప్పటినుంచే నీడన ఆరబెట్టండి.