డ్రైవర్ తప్పు అన్న మాట దగ్గర ఆగకుండా

సిద్దిపేట జిల్లా మర్కూక్ వాళ్లకు ఇప్పుడు రైలంటే గజ్వేల్ స్టేషనే. ఆ స్టేషన్ ఉన్న మనోహరాబాద్–కొత్తపల్లి లైను మీద 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మొదలైంది. ఆ లైను మొదలయ్యే మనోహరాబాద్ నుంచి నిజామాబాద్ వైపు వెళ్తే మాసాయిపేట వస్తుంది. అక్కడి కాపలా లేని గేటులో 2014 జులై 24 ఉదయం స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు ఢీకొట్టింది. డజనుకు పైగా పిల్లలు చనిపోయారు. డ్రైవర్ ఫోన్లో మాట్లాడుతున్నాడన్న మాట ఆ పూటే ఊళ్లన్నీ తిరిగింది. మనిషి పొరపాటును శాస్త్రంగా చదివిన నిపుణులు అలాంటి మాట దగ్గరే పని మొదలుపెడతారు. ఆ పని ఎలా సాగుతుందో ఈ గేటునే ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం.

మొదట ప్రమాదం జరిగిన వేళకే అక్కడికి వెళ్లి, అదే రకం బస్సులో డ్రైవర్ సీట్లో కూర్చోవాలి. ఆ కంటి ఎత్తు నుంచి పట్టాలు ఎంత దూరం కనిపిస్తున్నాయి? అద్దం పక్క కడ్డీ, గట్టు మీది చెట్లు ఏ మేరకు అడ్డొస్తున్నాయి? ఇంజిన్ మోతలో, పిల్లల గోలలో హారన్ చెవికి అందుతుందా? గేటుకు 600 మీటర్ల ముందు విజిల్ బోర్డు ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్లతో వచ్చే రైలు ఆ దూరాన్ని 22 సెకన్లలోపే దాటేస్తుంది. ఆగిన బస్సు గేరు వేసుకుని, గట్టెక్కి, వెనక చక్రాలు పట్టాలు దాటేసరికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్ పెట్టి కొలవాలి. పైగా పెద్ద వస్తువు ఎదురుగా వస్తుంటే దాని వేగాన్ని మన కన్ను తక్కువగా అంచనా వేస్తుంది. ఎంత అనుభవం ఉన్న డ్రైవర్ కన్నయినా అంతే.

తర్వాత మనుషులతో మాట్లాడాలి. "ఎందుకు చూడలేదు?" అంటే సంజాయిషీ వస్తుంది. "ఏం కనబడింది? ఏం వస్తుందనుకున్నారు?" అంటే విషయం వస్తుంది. లోకో పైలట్ డ్యూటీ గంటలు, నిద్ర రాసుకోవాలి. బస్సు డ్రైవర్ బతికి లేకపోతే ఆ గేటు దాటే మిగతా డ్రైవర్లను అడగాలి.

రూలును, రోజువారీ అలవాటును పక్కపక్కన పెట్టడం నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ప్రకారం ఇలాంటి గేటు దగ్గర బండి ఆపాలి, క్లీనరో మరొకరో దిగి పట్టాల దాకా నడిచి, రైలు రావట్లేదని చూసి బండిని దాటించాలి. కొన్నాళ్లు పొద్దున్నే అక్కడ నిలబడితే ఎందరు దిగుతున్నారో తెలుస్తుంది. ఎవరూ దిగకపోతే దాన్ని ఒక్క డ్రైవర్ నిర్లక్ష్యంగా రాయకూడదు. ఏళ్లుగా ఏమీ కాకపోవడమే అందరికీ ఆ అలవాటు నేర్పింది.

ఇక సిఫార్సులు. అవగాహన సదస్సు, హెచ్చరిక బోర్డు చివర్లో రావాలి. మొదట గేటు అవసరమే లేకుండా చేయాలి, కుదరకపోతే కాపలా పెట్టి సిగ్నల్‌తో ముడిపెట్టాలి. బ్రాడ్‌గేజ్‌లో కాపలా లేని గేట్లు 2019 జనవరి 31 నాటికి పోయాయి. అయినా పని అయిపోలేదు. గేటుకు బదులు కట్టిన అండర్‌పాస్‌లో వాన నీళ్లు నిలిస్తే జనం మళ్లీ పట్టాలెక్కే దాటుతారు. కట్టిన తర్వాత ఒక వానాకాలమైనా వెళ్లి చూడాలి.

ఇలాంటి ప్రమాదాలను విచారించే రైల్వే భద్రతా కమిషన్ 1941 నుంచి రైల్వే బోర్డు చేతి కింద లేదు, ఇప్పుడు పౌర విమానయాన శాఖలో ఉంది. దక్షిణ మధ్య సర్కిల్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది. ప్రతి సర్కిల్‌లోనూ మనిషి పొరపాటును శాస్త్రంగా చదివిన ఒకరిని శాశ్వతంగా నియమించాలి. మన ఎంపీలు ఈ మాట పార్లమెంటులో అడగాలి.