పనిలోంచి తీసేశారు, జీతమూ ఆపేశారు

ప్రశ్న: మాది అనంతసాగరం. ఆత్మకూరులో ఒక బట్టల కొట్లో రెండేళ్లు పనిచేశాను. మూడు నెలల జీతం ఇవ్వకుండానే 'రేపట్నుంచి రావద్దు' అన్నారు. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. ఏం చేయాలి?

జవాబు: జీతం, ఉద్యోగం రెండూ వేర్వేరు హక్కులు, కలపకండి. తీసేయడం సబబేనా అన్న వాదన నెలల తరబడి సాగొచ్చు. చేసిన పనికి డబ్బు మాత్రం అందాకా ఆగనక్కర్లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్, 17వ సెక్షన్ ప్రకారం బకాయి 2 పనిదినాల్లో చెల్లించాలి. ఇదేం కొత్త వరం కాదు, తీసేసినవారికి 1936 నాటి చట్టమూ ఇదే గడువిచ్చింది. 'కాగితమేదీ?' అని యజమాని అడగొచ్చు. అక్కడ పనిచేశారని చూపడం వరకే మీ వంతు. జీతం ఇచ్చేశానని రుజువు చేయాల్సింది ఆయనే (59వ సెక్షన్). ఫోన్‌పేలో పడ్డ పాత జీతాలు, 'రేపు పెందలాడే షాపు తెరువు' అన్న వాట్సాప్ మెసేజ్, మీ చేతిరాతతో ఉన్న బిల్లు, అన్నీ సాక్ష్యాలే. స్టాకు తగ్గిందంటూ జీతంలో పట్టుకున్నారా? మీ సంజాయిషీ వినకుండా ఆ కోత చెల్లదు.

ఇక తొలగింపు. రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం (1988) 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. నెల ముందు రాతపూర్వక నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. ముందు బకాయి లెక్కతో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచండి, తర్వాత కార్మిక శాఖకు అర్జీ పెట్టండి. క్లెయిమ్‌కు 3 ఏళ్ల గడువుంది. బకాయికి తోడు దానికి 10 రెట్ల దాకా పరిహారం వేసే అధికారం విచారణాధికారికి ఉంది. డబ్బు ఖాతాలో పడేదాకా 'లెక్క తేలింది' అన్న కాగితం మీద మాత్రం సంతకం చేయకండి.