వేసిన రోజే రాసుకోవాల్సిన లెక్క

పంట ఇంటికొచ్చాక మనకు తెలివి ఎక్కువవుతుంది. శనక్కాయ బాగా కాసిన ఏడాది, తొలి వానకే విత్తనం వేయడం ఎంత మంచి పనో అనుకుంటాం. ఎండిపోయిన ఏడాది అదే పనిని తొందరపాటు అంటాం. వేసిన రోజు నేలలో ఉన్న పదును, చేతిలో ఉన్న డబ్బు, ఇంట్లో నడిచిన మాటలు ఆ రెండేళ్లూ ఒకేలా ఉండి ఉండొచ్చు. అవన్నీ చెరిగిపోయి, ఎన్ని మూటలు అయ్యాయన్నది ఒక్కటే మనసులో మిగులుతుంది. దాంతో కలిసొచ్చిన ఏడాది మనకు లేని తెలివిని అంటగట్టుకుంటాం. కలిసిరాని ఏడాది ఉన్న తెలివి మీద కూడా నమ్మకం పోగొట్టుకుంటాం.

వ్యక్తిత్వ వికాసం గురించి మాట్లాడేవాళ్లు పట్టుదల, ఆత్మవిశ్వాసం అంటూ మొదలుపెడతారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల రెండు మూడెకరాలతో బతికే ఇళ్లలో పట్టుదలకు కొదవ లేదు. తెల్లవారుజామున పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోయడానికి లేచే ఆడవాళ్లకు ఎవరూ పట్టుదల నేర్పక్కర్లేదు. ఆ ఇళ్లకు కావలసింది, జరిగినదాన్ని సరిగ్గా చదువుకునే నేర్పు అని నా గట్టి నమ్మకం. ఏ నష్టం మన చేతి పని వల్ల వచ్చింది, ఏది రాలేదు అన్నది విడదీసి చూడలేకపోతే, కష్టపడే మనిషే తనను తాను ఎక్కువగా తిట్టుకుంటాడు.

ఈ సీమలో అలా విడదీయడం తేలిక కాదు. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని ఇటు వస్తుంది. ఈశాన్య మేఘం కోస్తాలో కురిసి, మిగిలింది ఇక్కడికి తెస్తుంది. మొత్తం వాన ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నదే ఇక్కడ పంటను నిలబెట్టేది. శనక్కాయకు ఊడలు దిగే వేళ మూడు వారాలు బెట్ట వస్తే, ముందూ వెనకా ఎంత కురిసినా కాయ ఊరదు. పైగా వర్షాధారపు శనక్కాయ ఏడాదికి ఒక్కసారే జవాబు చెబుతుంది. నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషికి నలభై జవాబులే దక్కుతాయి. వాటిలో చాలావాటిని వానే రాసి ఉంటుంది. వాటిని నెమరేసి మంచి నిర్ణయం ఏది, చెడ్డ నిర్ణయం ఏది అని తేల్చుకోవడం చాలా కష్టం.

2000 ఖరీఫ్ గుర్తున్నవాళ్లకు ఇది తెలుసు. ఆ ఏడాది అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ కాండం కుళ్లు తెగులుతో దెబ్బతింది. పచ్చగా ఉన్న చేను చూస్తుండగానే మొవ్వు మాడి, కాడ నల్లబడి ఎండిపోయింది. విత్తనం మంచిది కాదని కొందరు, మందు ఆలస్యంగా కొట్టామని కొందరు, తమ గ్రహచారమని ఇంకొందరు అనుకున్నారు. ఇక్రిశాట్ వంటి సంస్థల శాస్త్రవేత్తలు వెతికితే అది పొగాకులో కనిపించే ఒక వైరస్ అని తేలింది. గట్ల మీదా, బీళ్లలోనూ పెరిగే వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి శనక్కాయ ఆకు మీద పడితే, తామర పురుగులు గీరిన గాట్లలోంచి లోపలికి పోతుంది. ఆ ఏడాది ఏ రైతుకూ అది తెలిసే దారి లేదు. తెలిసిన తర్వాత మాత్రం చేయదగ్గ పని దొరికింది. పూతకు రాకముందే గట్టు మీది వయ్యారిభామను పీకేయడం, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేయడం, విత్తనశుద్ధి చేయడం. ఆ ఏడు వచ్చిన నష్టానికి తనను నిందించుకోవడం అన్యాయం. ఈ రోజు గట్టు మీద వయ్యారిభామ పూస్తుంటే చూస్తూ ఊరుకోవడం మాత్రం మన తప్పే. చేను అదే, తెగులూ అదే. తెలియడం ఒక్కటే ఆ తప్పును మన లెక్కలోకి తెచ్చింది.

పట్టుపురుగుల పెంపకం దగ్గరికి వస్తే జవాబులు త్వరగా వస్తాయి. అందుకే ఈ ఇళ్లు నేర్చుకునే తీరు అక్కడ బాగా కనిపిస్తుంది. గుడ్డులోంచి బయటికొచ్చిన పురుగు గూడు కట్టే దశకు చేరడానికి పట్టేది ఇరవై అయిదు రోజులు, అటూ ఇటుగా. ఈ మధ్యలో నాలుగుసార్లు జ్వరానికి కూర్చుంటుంది. మేత మాని, కదలకుండా ఉండి, పాత చర్మం వదిలి లేస్తుంది. చాలామంది రెండో జ్వరం దాటిన చాకీ పురుగులనే తెచ్చుకుంటారు కాబట్టి ఇంట్లో పెంచేది మూడు వారాలకు లోపే. చివరి దశ ఆరేడు రోజుల్లోనే మొత్తం మేతలో ఎనభై శాతానికి పైగా తినేస్తుంది. ఆ వారం ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. నీళ్లున్న మల్బరీ తోట ఉంటే ఏడాదికి అయిదారు పంటలు తీయొచ్చు. అంటే శనక్కాయ రైతుకు అయిదారేళ్లలో దొరికే జవాబులు ఇక్కడ ఒక్క ఏడాదిలో దొరుకుతాయి.

దొరికిన జవాబును రాసి పెట్టుకోకపోతే ఏం లాభం? వేసవిలో ఒక పంట గ్రాసరీ రోగంతో పోయిందనుకోండి. పురుగు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి ద్రవం కారుతుంది. ఎండ ఎక్కువైందని అందరూ అంటారు. ఎండ నిజమే. కానీ ఆ రోగకారకం పాత పంట నుంచి షెడ్డులోనే దాగి ఉంటుంది. ముందు పంటకూ ఈ పంటకూ మధ్య బ్లీచింగ్ పౌడరు, సున్నంతో షెడ్డు శుద్ధి చేశామా? కిటికీలకు తడి గోనెసంచులు ఏ రోజు నుంచి కట్టాం? లేత ఆకు, తడి ఆకు పెట్టిన రోజులు ఏవి? నెల తర్వాత వీటికి ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండదు. మొగుడు ఒకటి చెబుతాడు, పెళ్లాం ఇంకొకటి చెబుతుంది. చివరికి అది పోట్లాటవుతుంది. ఆ రోజుల్లోనే నోటుబుక్కులో నాలుగు మాటలు రాసి ఉంటే పోట్లాటకు తావే లేదు. ఆ నోటుబుక్కు పట్టుకుని హిందూపురం పక్కనే కిరికెరలో ఉన్న రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థకు వెళ్లి అడిగితే, వాళ్లు చెప్పే జవాబు కూడా మీ షెడ్డుకు సరిపోయేలా ఉంటుంది.

నోటుబుక్కులో ఖర్చూ రాబడీ మాత్రమే రాస్తే చాలదు. ఎందుకు చేస్తున్నామో రాయాలి. ఏం జరుగుతుందని అనుకుంటున్నామో కూడా రాయాలి. ఇదిగో ఇలా: "పదును నాలుగు వేళ్ల లోతు ఉంది. విత్తనకాయలు ఇంట్లోవే. సగం చేను ఇప్పుడు వేస్తాం, ఏడు సాళ్లకు ఒక సాలు కంది. మిగిలిన సగం వచ్చే వానకు. అంతా ఒకేసారి వేసి వాన ఎగ్గొడితే మళ్లీ విత్తనానికి అప్పు చేయాలి." ఈ మాటలు రాసి పెట్టుకున్న మనిషి, వాన నిజంగానే ఎగ్గొట్టినా, తన తెలివి మీద నమ్మకం పోగొట్టుకోడు. శనక్కాయ దెబ్బతిన్న ఏడాది కూడా అక్టోబరు వానకు కంది నిలబడితే, అది అదృష్టం కాదని అతనికి తెలుసు. తానే ముందుగా ఆలోచించి పెట్టుకున్నది.

ధర సంగతి వేరు. గూడు నాణ్యత మన చేతిలో ఉంది. గూళ్లు కట్టించే చంద్రికల మీద పురుగును కిక్కిరిసి వేయకపోవడం, గాలి ఆడనివ్వడం, ఆత్రపడకుండా అయిదారు రోజులు ఆగి గూళ్లు విడదీయడం, డాగు గూళ్లు ఏరేయడం మనం చేయగలం. హిందూపురం మార్కెట్లోనో, సరిహద్దు దాటి శిడ్లఘట్టలోనో, రామనగరంలోనో ఆ రోజు వేలం ఎంత పలుకుతుందన్నది మన చేతిలో లేదు. 2011లో కేంద్ర బడ్జెట్ ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించింది. చైనా పట్టు చవకగా వచ్చి పడింది, ఇక్కడ గూళ్ల ధర కూలిపోయింది. 2013లో సుంకాన్ని 15 శాతానికి పెంచారు. ఆ మధ్యకాలంలో ఎంత తెల్లగా మెరిసే గూడు తెచ్చిన రైతైనా నష్టపోయాడు. అతని పని నాణ్యతలో ఏ లోపమూ లేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, "నా వల్ల ఏదీ కాదు" అనుకోవడం ఎంత అబద్ధమో అతనికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పగలిగింది ఇంట్లోవాళ్లే.

చెప్పాలంటే వాళ్లకు లెక్క తెలియాలి. ఈ ప్రాంతంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పురుగుకు అర్ధరాత్రి మేత వేసేది భార్య, ఆకు మోసేది తల్లి. బయట ఎంత అప్పుందో మాత్రం ఒక్క మగవాడికే తెలుసు. భయపెట్టకూడదనే అతను దాస్తాడు. దాచిన అప్పు మీద వడ్డీతో పాటు సిగ్గు కూడా పెరుగుతుంది. అప్పు ఎంతో తెలిసిన ఇంట్లో ఒకరు బెదిరితే ఇంకొకరు నిలబడతారు. తెలియని ఇంట్లో మొత్తం బరువు ఒక్కడి మీదే పడుతుంది. ఆ బరువుతో ప్రాణాలు తీసుకున్న రైతులు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. పెనుకొండకూ ధర్మవరానికీ దగ్గర్లోని చెన్నేకొత్తపల్లి మండలంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అండతో ఆడవాళ్లు పొదుపు సహకార సంఘాలు నడుపుకుంటున్నారు. అక్కడ ఎవరి అప్పు ఎంతో, ఎవరు కట్టారో, ఎవరు కట్టలేకపోయారో అందరి ముందూ మాట్లాడుకుంటారు. సంఘంలో అంత ధైర్యంగా లెక్క చెప్పగల ఆడమనిషికి ఇంటి లెక్క చెప్పకుండా దాచడం ఏం న్యాయం? ప్రతి పంటకూ, గూళ్లు అమ్మిన మరుసటి రోజు, నోటుబుక్కు నట్టింట్లో తెరవండి. చదువుకునే పిల్లలు ఉంటే వాళ్ల చేతే చదివించండి.

మాట్లాడటం బయట కూడా కావాలి. పక్క చేను టమాటాకు మందు కొడితే, గాలికి కొట్టుకొచ్చి మల్బరీ ఆకు మీద పడుతుంది. ఆ ఆకు తిన్న పురుగు చస్తుంది. పంట పోయాక గట్టు మీద కొట్లాడుకుని ఏళ్ల తరబడి మాటల్లేని ఇళ్లున్నాయి. అదే ముందు పోయి, "అన్నా, మందు కొట్టేదానికి ముందు దినం ఒక మాట చెప్పు, ఆ గట్టు పక్క ఆకు నేను ముందే కోసుకుంటా" అని అడిగితే కాదనేవాడు అరుదు. అడగడానికి చిన్నతనం అడ్డొస్తుంది. చాకీ పురుగులు ఇంటికి తెచ్చిన రోజు చేయాల్సిన పనుల్లో ఈ పలకరింపునూ ఒకటిగా రాసుకుంటే, అది చిన్నతనంగా కాక పనిగానే కనిపిస్తుంది.

ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో మొదలయ్యాక చాలా ఇళ్లలో ఇంకో ప్రశ్న పుట్టింది. నెలజీతం తెచ్చే కొడుకు, "ఇంత చాకిరీ చేస్తే ఏం మిగిలింది నాయనా?" అంటాడు. కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పాలంటే ఇంటివాళ్ల కూలీ కూడా ఖర్చులో రాయాలి. చాలామంది రాయరు. రాస్తే కొన్ని పంటలు మనం అనుకున్నంత మిగల్చలేదని తెలుస్తుంది. అది కష్టమైన సంగతే. అయినా సేద్యం తగ్గించుకోవాలన్నా, కొనసాగించాలన్నా ఆ అంకె ముందు పెట్టుకునే మాట్లాడుకోవాలి. ఆ లెక్క చూసి అరెకరం తగ్గించిన మనిషిని ఓడిపోయినవాడు అనడానికి నాకు మనసొప్పదు.

ఆ మాట ఎప్పుడు మాట్లాడుకోవాలన్నది ముఖ్యం. ధర పడిన రోజు కోపంతో మల్బరీ పీకేసిన రైతులు ఉన్నారు. బాగా చూసుకుంటే పదిహేనేళ్లు ఆకునిచ్చే తోట అది. పీకడానికి ఒక్క రోజు చాలు. మళ్లీ నాటి పూర్తి ఆకు కోయాలంటే ఏడాది దాకా ఆగాలి. కాబట్టి పీకాలా వద్దా అన్నది పంట బాగున్న నెలలోనే, అందరూ తీరిగ్గా కూర్చున్నప్పుడు తేల్చుకుని రాసిపెట్టుకోండి: వరుసగా ఎన్ని పంటలు ఇంటి కూలీతో సహా ఖర్చు రాకపోతే, ఎంత తోట తీసేస్తాం, ఆ నేలలో ఏం వేస్తాం, ఆ సంగతి ఎవరెవరం కలిసి తేలుస్తాం. ఆ రాత కింద ఇంట్లో పెద్దవాళ్లందరూ సంతకాలు పెట్టండి.