ఫ్యాక్టరీ మూతపడితే రావలసిన పైసలు



రామగుండం పేరు మనకు తెలుసు. అప్పుడది కరీంనగర్ జిల్లా. ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. అక్కడ కేంద్ర ప్రభుత్వం ఎరువుల ఫ్యాక్టరీ పెట్టింది. అందరూ దాన్ని ఎఫ్.సి.ఐ. అనేవారు. బొగ్గుతో యూరియా తయారుచేసేవారు. 1980లో ఉత్పత్తి మొదలైంది. సర్కారు కొలువు దొరికితే ఇక బతుకంతా భరోసా అనుకున్నారు.

కానీ యంత్రాలు తరచూ ఆగిపోయేవి. కరెంటు సరిగా అందేది కాదు. నష్టాలు పెరిగాయి. 1999లో ఫ్యాక్టరీ ఆగిపోయింది. అంతకు ముందే, 1998లో, ఆదిలాబాద్‌లోని సర్కారు సిమెంటు ఫ్యాక్టరీ కూడా ఆగింది.

2002లో ఎఫ్.సి.ఐ.ని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. కార్మికులకు 'స్వచ్ఛందంగా' కొలువు వదిలే పథకం పెట్టింది. స్వచ్ఛందంగా అంటే మన ఇష్టంతో అని అర్థం. పనే లేని చోట ఇష్టం ఎక్కడిది?

జీతం ఆగితే ముందు తెలిసేది వంటింట్లోనే. క్వార్టరు పోతే ఇంటి కిరాయి కట్టాలి. పిల్లల ఫీజు ఆగదు. ఒక్కసారి వచ్చిన పైసలు బాకీలకు, పెండ్లికి, దవాఖానకు పోతాయి. నెలనెలా వచ్చేది ఉండదు.

రామగుండంలో కొత్త ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది. ఇది గ్యాసుతో నడుస్తుంది. 2021లో యూరియా తయారీ మొదలైంది. 1999లో 40 ఏండ్లున్న కార్మికునికి అప్పటికి 62 ఏండ్లు!

లెక్క నేర్చుకుందాం

చాలా ఏండ్లు పనిచేసి కొలువు వదిలితే గ్రాట్యుటీ ఇవ్వాలి. ఇది దయ కాదు, హక్కు. ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం లెక్క. నెలకు 26 పనిరోజులు.

ఆఖరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపి 5,200 రూపాయలు అనుకుందాం.
ఒక రోజు జీతం: 5,200 ÷ 26 = 200
15 రోజులకు: 200 × 15 = 3,000
20 ఏండ్లకు: 3,000 × 20 = 60,000 రూపాయలు

పి.ఎఫ్. సొమ్ము దీనికి వేరే. పి.ఎఫ్. పింఛను పథకంలో ఉన్న కార్మికుడు చనిపోతే భార్యకు పింఛను వస్తుంది.

గుర్తుంచుకోండి

1. పి.ఎఫ్. నంబరు, జీతం చీటీ, కొలువు కాగితాలు భద్రంగా దాచండి.
2. నామినీగా ఎవరి పేరు ఉందో చదివి చూడండి.
3. చదవకుండా, లెక్క చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

జవాబులు రాయండి

1. రామగుండం పాత ఫ్యాక్టరీలో యూరియా దేనితో తయారుచేసేవారు?
2. ఆఖరి జీతం 7,800 రూపాయలు. పనిచేసింది 10 ఏండ్లు. గ్రాట్యుటీ ఎంత?
3. మీ ఇంట్లో కొలువు కాగితాలు ఎక్కడున్నాయి? ఇవాళే చూడండి.