ఎండదెబ్బ నుండి మామిడికాయలను కాపాడుట

మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో ఆళ్లగడ్డ వైపు పల్లెలవారు కొందఱు కలరు. వారిలో కొందఱి కుటుంబములకు మామిడితోటలు సొంతముగా నున్నవి. మఱికొందఱి తండ్రులు పరుల తోటలను గుత్తకు పట్టి, ఆ రెండు మూడు నెలల పంటమీదనే సంవత్సరపు ఖర్చులు గడుపుకొనుచుందురు. ఒక వేసవిలో అట్టి తండ్రి యొకరు మాయింటికి వచ్చి, సంచిలోనుండి నాలుగు బేనిషాను కాయలను తీసి బల్లమీద నుంచిరి. నాలుగింటికిని ఒక్కొక్క ప్రక్క నల్లబడి, అణగియున్న మచ్చ యుండెను.

“అయ్యవారూ, మండీలో ఈ కాయలన్నీ పక్కకు తీసిపెట్టినారు. ఇదేం తెగులో చూసి చెప్పండి. మందు కొడితే పోతుందా?” అని యాయన యడిగిరి.

ఆయన కుమారుని వసతిగృహపు రుసుము ఆ కాయలమీదనే యాధారపడి యున్నదని మాకు తెలియును. అది తెగులు కాదనియు, ఎండదెబ్బ యనియు గుర్తించుటకు మాకు ఎంతోసేపు పట్టలేదు. ఏలయనగా, అంతకు రెండేండ్ల క్రిందట మా పెరటి చెట్టుకు ఆ దెబ్బను మేమే చేతులార తగిలించియుంటిమి. ఆ సంగతి ముందు చెప్పెదము.

నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమ దూరము ఇంచుమించు 40 కిలోమీటర్లు. పడమట ఎఱ్ఱమలలు, తూర్పున నల్లమలలు, వాని నడుమ కుందూనది లోయ. వేసవిలో ఈ లోయ పొయ్యిమీది పెనమువలె కాగును. నీడలో 45 డిగ్రీలు దాటిన దినములను నంద్యాలలో ఇటీవలి సంవత్సరములందు మనమందఱమును చూచితిమి. విచిత్రమేమన, కాయలు ముదురు కాలమును ఎండలు ముదురు కాలమును ఒక్కటే. పైగా మన ప్రాంతపు పేరుగన్న కాయ బేనిషాను. దీనికే బంగనపల్లి మామిడి యని పేరు. ఆ పేరునకు మూలమైన బనగానపల్లె, 2022వ సంవత్సరము ఏప్రిలులో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనిదే. ఈ కాయకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. దీని తొక్క పలుచన, నునుపు. పండిన తరువాత అంతటను పసుపు రంగే గనుక చిన్న మచ్చయైనను దాగదు.

ఎండదెబ్బను ఇతర మచ్చలనుండి వేఱుపఱచి తెలిసికొనుట అవసరము. లేనిచో రైతు వృథాగా మందులు కొట్టి డబ్బు పోగొట్టుకొనును. కాయ కోసిన తరువాత ముచ్చికనుండి కారిన సొన తగిలిన చోట చారలు పడును. అవి పైనుండి క్రిందికి జాఱినట్లు కనబడును. మచ్చతెగులు సోకినచో చిన్న చిన్న నల్లని చుక్కలు కాయకు అన్ని వైపులను లేచును. ఎండదెబ్బ యట్లు కాదు. అది ఒక్క ప్రక్కనే యుండును, అదియు చాలవఱకు పడమటి లేక దక్షిణపు ప్రక్క. మొదట ఆ చోట తొక్క వెలవెలబోయి పాలిపోవును. పిమ్మట గోధుమరంగై, తుదకు నల్లబడి తోలువలె గట్టిపడును. దాని క్రింది గుజ్జు తక్కిన కాయతోపాటు పండదు. కావున కాయను బల్లమీద గాక చెట్టుననే చూడవలెను. మచ్చలన్నియు ఒకే దిక్కునకు తిరిగియున్నచో సందేహింపబని లేదు.

ఆకు మాడకుండ కాయ యేల మాడవలెనని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. మట్టికుండలోని నీరు వేసవిలో చల్లబడు విధము మీరెఱుగుదురు గదా! కుండ చెమ్మగిల్లి ఆ చెమ్మ ఆవిరియగుటచే వేడిని తీసికొనిపోవును. ఆకునకు సూక్ష్మ రంధ్రములు అసంఖ్యాకముగా నున్నవి. వానిద్వారా నీటిని ఆవిరిచేసి అది కుండవలె తన్ను తాను చల్లబఱచుకొనును. ముదిరిన కాయతొక్కకు ఆ సదుపాయము బహుస్వల్పము. గాలి కదలని మధ్యాహ్నము నేరుగా ఎండ తగులు కాయతొక్క చుట్టునున్న గాలికంటె 10 మొదలు 15 డిగ్రీలవఱకు అధికముగా కాగును. ఆపిలుకాయలమీద అమెరికాలో పరిశోధించినవారు, తొక్క 52 డిగ్రీలకు చేరి 10 నిమిషములుండినచో అచ్చటి కణములు చనిపోవునని కనుగొనిరి. మామిడికి సరిగా ఆ యంకెయే కానక్కఱలేదు. అయినను మన 43 డిగ్రీల మధ్యాహ్నమునకు ఒక పది కలిపి చూడుడు.

ఇంకొక సంగతి కలదు. పిందెనాటినుండి ఎండలోనే పెరిగిన కాయ కొంతవఱకు ఓర్చుకొనును. నీడలో పెరిగి హఠాత్తుగా ఎండలో పడిన కాయయే మిక్కిలి చెడును. దినదినము పొలములో పనిచేయువాని వీపునకును, గదిలో కూర్చుండి పాఠములు చెప్పు మావంటివారి వీపునకును గల భేదమే యిది.

మేము చేసిన పొరపాటు సరిగా ఇచ్చటనే. మా పెరటిలో ఒక బేనిషాను చెట్టు కలదు. దాని పడమటి కొమ్మలు దుస్తులారవేయు తీగకు అడ్డుగా నున్నవని ఒక మార్చి నెలలో వానిని నఱికించితిమి. అప్పటికి కాయలు నిమ్మకాయలంత యుండెను. చెట్టు కాయలకు ఏ హానియు చేయలేదనియే తలచితిమి. ఏప్రిలు మూడవ వారమునకు, ఆ కొమ్మల చాటున నుండిన కాయలలో ఇంచుమించు అన్నింటికిని పడమటి చెంప తెల్లబడెను. మఱియు మా ముంగిట బేతంచెర్ల నాపరాళ్లు పఱచియుండుటచే, క్రిందుగా వ్రేలాడు కాయలకు పైయెండ చాలనట్లు క్రిందినుండియు సెగ తగిలెను. కొంకణతీరపు ఆల్ఫాన్సో కాయలలో గుజ్జు స్పంజివలె చెడిపోవుటకు నేలనుండి లేచు వేడి ఒక కారణమని పరిశోధకులు చెప్పిరి. చెట్టుక్రింద ఎండుగడ్డి పఱచినచో ఆ చెఱుపు తగ్గినదట. మేము ఆ సంగతి చదివినది చెట్టు పాడైన తరువాత!

కావున మొదటి కాపుదల ఆకే. కొమ్మలు నఱుకవలసినచో కాయలు కోసిన వెంటనే, జూను జూలైలలో నఱుకవలెను. అప్పుడు వేసవి వచ్చునాటికి క్రొత్త చిగుళ్లు ముదిరి గొడుగు పట్టును. పురుగు తిని ఆకు రాలినను, నీరు చాలక ఆకు వాడి వ్రేలాడినను ఆ గొడుగు ముడుచుకొన్నట్లే. పూతకు ముందు చెట్టును ఎండగట్టుట మంచి వాడుకయే గాని, పిందె బఠాణీగింజంత యైన పిమ్మట నీరు పెట్టక మానరాదు. నల్లరేగడిలో తడి చాలదినములు నిలుచును. నల్లమల పాదమునందలి ఎఱ్ఱనేలలలో త్వరగా ఆరిపోవును. ఏ నేలయైనను పాదులో గడ్డియో ఎండుటాకులో పఱచిన మేలు.

ఆకు లేని చోట కాగితపు సంచి. కాయ కోడిగ్రుడ్డంత యైనప్పుడు, అది పొడిగా నున్న వేళ, సంచిని తొడిగి ముచ్చికకు పైన కాడవద్ద వదులుగా కట్టవలెను. అడుగున చిన్న రంధ్రముంచవలెను. గోధుమరంగు కాగితపు సంచులు అంగళ్లలో దొరకును. పాతపత్రికలతో చేసినవియు పనిచేయును గాని పెద్దగాలికి చినుగును. ప్లాస్టికు సంచి మాత్రము వలదు. అందులో కాయ యుడికిపోవును. ఈ సంచివలన పండుఈగ కాటును తప్పును. కాయకు రంగు వచ్చునని కోతకు వారము ముందే సంచులు విప్పువారు కలరు. మన ఎండలలో అది నీడలోని కాయను నడివీధిలో నిలిపినట్లగును. కోసిన తరువాతనే విప్పవలెను.

పెద్దతోటలో ప్రతికాయకును సంచి తొడుగుట సాధ్యము కాదు. అట్టిచోట కేయొలిన్ అను మెత్తని తెల్లమట్టి ఉపయోగపడును. 1990ల దశాబ్దములో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు ఆపిలు మొదలగు తోటలకు దీనిని వాడుకలోనికి తెచ్చిరి. లీటరు నీటికి 30 మొదలు 50 గ్రాములు కలిపి, ఉదయము చల్లనివేళ చల్లినచో కాయమీద తెల్లని పొర నిలిచి ఎండను తిప్పికొట్టును. వాన కురిసినచో మరల చల్లవలెను. కోసిన పిదప కడుగవలెను. పొడిని కలుపునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. సున్నపు తేటను చెట్టు మొదళ్లకు పూయుట పాతవాడుకయే, మంచిదే.

ఆళ్లగడ్డనుండి వచ్చిన ఆ తండ్రితో, మాడిన చోటు మరల బాగుపడదనియు, మందు కొనవలదనియు చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటాడక కాయలను సంచిలో పెట్టుకొనిరి. మచ్చకాయలను వేఱుచేసి, బాగుగానున్న భాగమును తరిగి ఒరుగులు చేసికొన్నందున ఆ యేట కొంత చేతికి వచ్చినది. రుసుము రెండు కంతులుగా చెల్లినది. మరుసటి వేసవిలో ఆయన తోట పడమటి వరుసకు మాత్రము వసతిగృహపు బాలురు పాతపత్రికలతో సంచులు చేసియిచ్చిరి. ఒక రాత్రి గాలికి చాల సంచులు చినిగిపోయెను. నిలిచిన సంచులలోని కాయలు మచ్చలేక దిగెను.

ఈ సంవత్సరము రెట్టింపు మందము సంచులు చేయ తలచియున్నాము. పాతపత్రికలున్న తల్లిదండ్రులు ఫిబ్రవరి నెలాఖరులోగా వానిని సైన్సుగదికి పంపవలెనని కోరుచున్నాము.