కోసిన కూరకూ ఊపిరి ఉంటుంది: రైతు బజారులో కాలంతో పోటీ

తెల్లవారుజామున కోసిన తోటకూర ఉదయం ఏడింటికి రైతు బజారులో నిగనిగలాడుతుంది. ఎండ ముదిరేసరికి వాడిపోతుంది, మధ్యాహ్నానికి సగం ధర పలకడమూ కష్టమే. అర ఎకరంలో ఆకుకూరలు పండించే కుటుంబానికి ఆ రోజు ఆదాయం ఈ కొద్ది గంటల్లోనే తేలిపోతుంది.

మొక్క నుంచి వేరు చేసినంత మాత్రాన ఆకు చనిపోదు. దాని కణాలు శ్వాసక్రియ సాగిస్తూనే ఉంటాయి. నిల్వ ఉన్న చక్కెరలను ఆక్సిజన్ సాయంతో ఖర్చు చేస్తూ కార్బన్ డయాక్సైడ్, నీరు, వేడి వెలువరిస్తాయి. వేరు నుంచి సరఫరా ఆగిపోయింది కనుక ఇక ఖర్చే తప్ప జమ లేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా ఈ వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది. గోనె సంచిలో కుక్కిన కూర మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగలడానికి కారణం ఇదే.

దీనికి తోడు నీటి నష్టం. ఆకుకూరల బరువులో దాదాపు 90 శాతం నీరే. అందులో కొద్ది భాగం ఆవిరైనా ఆకు వాలిపోతుంది, విటమిన్ సి కూడా తగ్గుతూ వస్తుంది. గట్టి తొక్క ఉన్న గుమ్మడికాయకు ఈ బాధ లేదు, నెలల తరబడి నిలుస్తుంది.

పొలానికి, వంటింటికి మధ్య దూరం తగ్గితే ఈ నష్టమూ తగ్గుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైంది మాత్రం ప్రధానంగా ధర కోసం. దళారుల ప్రమేయం లేకుండా, గుర్తింపు కార్డు ఉన్న రైతు నేరుగా అమ్ముకునే ఏర్పాటు అది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్లలోపువే. వినియోగదారు టమాటాకు చెల్లించే రూపాయిలో రైతుకు దక్కేది సుమారు 33 పైసలేనని 2024లో రిజర్వ్ బ్యాంకు వెలువరించిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

టమాటాలో మరో సంగతి ఉంది. దూరపు మార్కెట్‌కు పంపేవాటిని పచ్చిగానో, రంగు తిరుగుతున్నప్పుడో కోస్తారు. ఇథిలిన్ ప్రభావంతో అవి దారిలో ఎర్రబడతాయి కానీ, తీగ మీదే పండిన కాయకున్న రుచి రాదు. దగ్గరలో అమ్ముకునే రైతు ఎర్రబడ్డాకే కోయవచ్చు. అయితే ఆ పండు ఎక్కువ రోజులు ఆగదు. ఆ రోజు కొనేవారు రాకపోతే నష్టమంతా అతనిదే.

మిగిలిన సరుకును రేపటిదాకా ఎలా ఆపాలి? శీతల గిడ్డంగి చిన్న రైతుకు అందేది కాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1980లలో రూపొందించిన విద్యుత్ అక్కర్లేని శీతల గది అందుకు పనికొస్తుంది. రెండు వరుసల ఇటుక గోడ కట్టి, మధ్యనున్న 7.5 సెంటీమీటర్ల సందులో ఇసుక నింపి తడుపుతారు. ఆవిరయ్యే నీరు లోపలి వేడిని లాగేస్తుంది, మన కుండలో నీళ్లు చల్లబడినట్టే. మండు వేసవిలో లోపల 10 నుంచి 15 డిగ్రీలు తగ్గుతుంది, గాలిలో తేమ 90 శాతం దాకా నిలుస్తుంది. ఫ్రిజ్ చలికి రుచి కోల్పోయే టమాటాకు ఈ మోస్తరు చల్లదనమే నయం.

ఇది అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండల్లో బాగా చల్లబడే గది, ఉక్కపోసే కోస్తా తీరంలో అంతగా చల్లబడదు. అక్కడ నీడ, గాలి ఆడే బుట్టలు, తడి గోనెపట్టాలే ఆధారం. చల్లే నీరు మాత్రం శుభ్రమైనదై ఉండాలి, కొత్తిమీర, పుదీనా చాలా ఇళ్లలో పచ్చిగానే తింటారు.